‘హై అలర్ట్’ అని టీవీలో వస్తే తీర్థం కమిటీ ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ కదండి: కోనసీమలో మీ ఊరి కనుమ తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ళ ప్రభలు వస్తాయి, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేలోగా పాతికవేల మంది దాకా వచ్చిపోతారు. టీవీలో ‘రాష్ట్రమంతటా హై అలర్ట్’ అని వచ్చినప్పటి నుంచి కమిటీలో రెండు ప్రశ్నలు నలుగుతున్నాయి. అమెరికా, ఇంగ్లండులో ఉన్నట్టు మనకీ హెచ్చరిక స్థాయిలు ఉన్నాయా, ఉంటే ఇప్పుడు ఎంతలో ఉన్నాం? తలుపు చట్రంలా ఉండే మెటల్ డిటెక్టర్లు రెండు అద్దెకు తేవాలా? వాటితోపాటు, ఎవరిని అనుమానించాలి అని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మన దేశంలో ప్రజలకు ప్రకటించే ఉగ్రవాద హెచ్చరిక స్థాయిలంటూ లేవు. ‘హై అలర్ట్’ అనేది పోలీసులకు, ఇతర బలగాలకు పైనుంచి వచ్చే ఆదేశం. దాన్ని చూసి మీరు ఏం చేయాలో అందులో రాసి ఉండదు, మీ ఊరి ఎస్సైగారినే అడగాలి. రెండోదానికి జవాబు: మెటల్ డిటెక్టర్లు మీ జాబితాలో ఆఖరున ఉండాలి. బయటికి పోయే దారుల వెడల్పు, బండ్లు ఆగిపోవాల్సిన గీత, కరెంటు పోయినా పలికే మైకు, తీర్థం స్థలంలో ఒక్కో ముక్కకి పేరు పెట్టి అప్పగించిన మనిషి, ఈ నాలుగూ కుదిరాక డబ్బు మిగిలితే అప్పుడు చూద్దాం.

స్థాయిల సంగతి గోదావరి వాళ్ళకి విడమర్చి చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె విన్న లంక మనిషికి గొడ్లని ఎప్పుడు గట్టెక్కించాలో, బియ్యం మూట ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు. కాకినాడ రేవులో ఎగరేసే తుపాను నంబర్లూ అంతే. ఆ హెచ్చరికలకి విలువ ఎక్కడినుంచి వచ్చిందంటే, ఒక్కో అంకె వెనకాల ఒక్కో పని కట్టేసి ఉంది కాబట్టి. ఉగ్రవాద హెచ్చరికకి ఇది అంత సులువుగా కుదరదు. నీళ్ళని కొలబద్ద పెట్టి కొలుస్తాం, మనం హెచ్చరిక ఇచ్చామని వరద దారి మార్చుకోదు. మనిషి మార్చుకుంటాడు. పైగా ఇక్కడ కొలత ఉండదు, అందిన సమాచారం మీద కొందరు అధికారులు వేసే అంచనా ఉంటుంది.

అమెరికా ఈ పాఠం కష్టపడి నేర్చుకుంది. 2002 మార్చిలో వాళ్ళు ఐదు రంగుల పద్ధతి పెట్టారు: ఆకుపచ్చ, నీలం, పసుపు, నారింజ, ఎరుపు. తొమ్మిదేళ్ళలో దేశం మొత్తానికి పసుపు కంటే కిందికి ఒక్కసారీ దిగలేదు. ఎరుపు ఒకే ఒక్కసారి, 2006 ఆగస్టులో బ్రిటన్ నుంచి వచ్చే విమానాలకి మాత్రం పెట్టారు. ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడింది అప్పుడే. విమానంలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకి మించి ద్రవాలు పట్టుకెళ్ళకూడదన్న నియమం దాని ఫలితమే. ఎప్పుడూ పసుపో నారింజో వెలుగుతుంటే జనం చూడటం మానేశారు. రంగు మారింది సరే, మేం ఏం చేయాలి అన్నదానికి జవాబు లేదు. 2011 ఏప్రిల్‌లో రంగులు తీసేసి కొత్త పద్ధతి తెచ్చారు. ముప్పు పెరిగింది అనేదొకటి, ముప్పు ముంచుకొచ్చింది అనేదొకటి, రెండే మెట్లు. ఆ ప్రకటనలో ఏ ప్రాంతం, ఏ రకం ముప్పు, జనం ఏం చేయాలి, ఏ తేదీతో ఇది ముగుస్తుంది అన్నవి ఉంటాయి. పొడిగించాలంటే మళ్ళీ కూర్చుని నిర్ణయించాల్సిందే. 2015 చివర్లో, నిర్దిష్టమైన ముప్పు లేకపోయినా సాధారణ పరిస్థితి చెప్పడానికి బులెటిన్ అని ఇంకొకటి చేర్చారు.

బ్రిటన్‌లో ఐదు మెట్లున్నాయి. దాడి జరిగే అవకాశం తక్కువ అనే దగ్గర మొదలై, అతి త్వరలో జరిగే అవకాశం బాగా ఎక్కువ అనే దాకా వెళ్తాయి. 2006 ఆగస్టు నుంచి వాటిని బహిరంగంగా చెబుతున్నారు. పై మెట్టు 2017లో మాంచెస్టర్ పేలుడు తర్వాత ఒకసారి, అదే ఏడాది సెప్టెంబరులో లండన్ రైలు ఘటన తర్వాత ఇంకోసారి పెట్టి, రెండుసార్లూ కొద్దిరోజుల్లోనే దించారు. ఆస్ట్రేలియాలోనూ ఐదు మెట్లే. ఫ్రాన్స్‌లో మూడు.

మన దగ్గర పోలీసు, శాంతిభద్రతలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. కేంద్రంలో ఇంటెలిజెన్స్ బ్యూరో కింద మల్టీ ఏజెన్సీ సెంటర్ ఉంది. కార్గిల్ యుద్ధం తర్వాతి సమీక్షల మీద 2001లో పెట్టారు, 2008 ముంబయి దాడి తర్వాత బలపరిచారు. అక్కడ వేర్వేరు సంస్థల సమాచారం కలుస్తుంది, రాష్ట్రాలకి వస్తుంది, అక్కడి నుంచి జిల్లా ఎస్పీలకి, స్టేషన్లకి దిగుతుంది. వచ్చేవాటిలో చాలావరకు ‘పండగల సీజను, జాగ్రత్తగా ఉండండి’ అనే తరహావే. ఫలానా చోటు, ఫలానా రోజు అని వచ్చేవి అరుదు. అలాంటివి టీవీలోకి రావు, రాకూడదు కూడా. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి, నవంబరులో ఎర్రకోట దగ్గర కారు పేలుడు లాంటివి జరిగాక వచ్చే ‘హై అలర్ట్’ మాట వల్ల స్టేషన్ స్థాయిలో మారేవి ఇవి: సెలవులు రద్దు, రాత్రి నాకాబందీ (దారులు అడ్డగించి బండ్ల తనిఖీ), లాడ్జీల రిజిస్టర్ల తనిఖీ, రైల్వేస్టేషన్లు, బస్టాండుల్లో కుక్కలతో వెతుకులాట, గుళ్ళ దగ్గర అదనపు బందోబస్తు. విమానాశ్రయాలకి వేరే సంస్థ ఉంది, పౌర విమానయాన భద్రతా బ్యూరో. జనవరి 26, ఆగస్టు 15 ముందు సందర్శకుల టిక్కెట్లు ఆపడం, విమానం ఎక్కే మెట్ల దగ్గర రెండోసారి తనిఖీ చేయడం దాని ఆదేశాలతోనే.

ఇక మీ తీర్థం. పైనుంచి మెట్లు లేవు కాబట్టి మీరే రెండు అరలు చేసుకోండి. ఒకటి ఏ ఏడాదైనా తప్పనివి, రెండోది పోలీసులు చెప్పినప్పుడు మాత్రమే కలిపేవి. రెండో అరకి మొదలయ్యే గంట, ముగిసే గంట కాగితం మీద రాయాలి. ముగింపు రాయకపోతే ఆ జాగ్రత్త మూడో రోజుకి వాడిపోతుంది, తర్వాత నిజంగా కావాల్సినప్పుడు ఎవరూ పట్టించుకోరు.

బయటికి దారి. అన్నిటికంటే ముందు దీని గురించి చెబుతున్నానంటే కారణం ఉంది. బాంబు లేకుండానే జనం చనిపోవచ్చు. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజు, రాజమండ్రి పుష్కర్ ఘాట్‌లో తొక్కిసలాటలో కనీసం 27 మంది పోయారు, అక్కడ ఏ పేలుడూ లేదు. చదునైన దారిలో, మీటరు వెడల్పుకి నిమిషానికి 82 మంది, మెట్ల మీద 66 మంది అని క్రీడామైదానాల లెక్క ఒకటుంది. అది కూడా బాగా నడిచే జనానికి. మీ తీర్థం చోటుకి పంట కాలువ మీద మూడేసి మీటర్ల వంతెనలు రెండున్నాయి అనుకుందాం. రెండూ కలిపి నిమిషానికి 490 మంది. ఒకేసారి 20 వేల మంది ఉంటే ఖాళీ కావడానికి 40 నిమిషాలు, అదీ ఎవరూ తోసుకోకుండా ఉంటే. పక్కన చేలు ఉన్నాయి కదా అనుకోవద్దు. కనుమనాటికి దాళ్వా (రెండో పంట) నాట్లు పడి ఉంటాయి, బురదలో ముసలివాళ్ళూ చీరల్లో ఆడవాళ్ళూ పరిగెత్తలేరు. అందుకని నాట్లకి ముందే రైతుతో మాట్లాడుకోండి. ఒక మడి నాటకుండా వదలమని, పంట నష్టం కమిటీ ఇస్తుందని చెప్పండి. కుదరకపోతే కాలువ మీద కొబ్బరి మానులతో, పైన పలకలు కొట్టి, రెండువైపులా చేతికర్ర కట్టి మూడో వంతెన వేయించండి. అంబులెన్సుకి మూడున్నర మీటర్ల దారి ఒకటి తాడు కట్టి ఖాళీగా ఉంచాలి, దానిలో జీళ్ళ కొట్టు కూడా పెట్టనివ్వకూడదు.

అలర్ట్ అనగానే చాలా కమిటీలు చేసే తప్పు ఒకటుంది: గేట్లు తగ్గించి ఒక్కదాన్నే తెరవడం. లోపలికి వచ్చే దారులు తగ్గించవచ్చు, బయటికి పోయే దారి ఒక్కటి కూడా మూయకూడదు, తాళం వేయకూడదు.

మెటల్ డిటెక్టరు లెక్క. సంచి తెరిచి చూస్తూ ఒక్క వరసలో పంపితే నిమిషానికి ఆరుగురు, గంటకి 360 మంది. రెండు వరసలు నాలుగు గంటలు నడిస్తే 2,880 మంది. మీకు వచ్చేది పాతికవేలు. మిగతా ఇరవై రెండువేల మంది గేటు బయట రోడ్డు మీద ఒకరిమీద ఒకరు నిలబడతారు. దాడి చేసేవాడికి లోపలికి వచ్చే అవసరమే లేదు, ఆ వరసే చాలు. అది తట్టుకోలేక అరగంటలో వలంటీర్లు అందరినీ వదిలేస్తారు, చట్రం కీచుకీచుమంటూనే ఉంటుంది. ఎందుకంటే సెల్‌ఫోను, తాళాలు, గాజులు, పిల్లాడి వెండి మొలతాడు, అన్నిటికీ అది మోగుతుంది. అది లోహాన్ని కనిపెడుతుంది, పేలుడు పదార్థాన్ని కాదు.

పోలీసులే తెచ్చి పెడితే మాత్రం సరైన చోట పెట్టించండి. వేదిక మెట్ల దగ్గర, గుడి లోపలి గేటు దగ్గర, అంటే తక్కువ మంది పోయే చోట. ఇనుప గేటు, జనరేటరు, లావుపాటి కరెంటు తీగ పక్కన పెడితే ఊరికే మోగుతుంది. మెత్తటి నేల మీద పెడితే ఊగుతుంది, ఊగితే మోగుతుంది, కింద గట్టి పలక వేయాలి. కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ కొద్దిసేపు పని చేసేలా బ్యాటరీ ఉందో లేదో చూడాలి. ప్రతి షిఫ్టు మొదట్లో ఒకే ఇనుప ముక్కని చీలమండ దగ్గర, నడుము దగ్గర, తల దగ్గర పెట్టుకుని మూడుసార్లు నడిచి చూడాలి. చీలమండ దగ్గర మోగకపోవడం తరచుగా కనిపించే లోపం. చేతి డిటెక్టర్లకి కొత్త బ్యాటరీలు విడిగా ఉంచుకోండి.

బండ్లు. 2016 జూలైలో ఫ్రాన్స్‌లోని నీస్‌లో జనం మీదికి లారీ తోలి 86 మందిని చంపారు. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పెట్టింది సైకిళ్ళ మీద. కాబట్టి జనానికి 100 మీటర్ల లోపల సైకిలు కూడా ఆపనివ్వకూడదు. పార్కింగ్ అక్కడినుంచే మొదలవ్వాలి, వరసలుగా, టోకెన్‌తో. రాత్రికి టోకెన్ తీసుకోని బండి ఉంటే వెంటనే కంటపడుతుంది. రోడ్డుకి అడ్డంగా పెట్టే ప్లాస్టిక్ దిమ్మలు ఖాళీగా ఉంటే వాటిని ఆటో కూడా తోసేస్తుంది. నీళ్ళు నింపాలి, లేదా ఇసుక నింపిన ఇనుప డ్రమ్ములు రెండు వరసలుగా, ఎడమెడంగా పెట్టాలి. రెండింటి మధ్య ఖాళీ 1.2 మీటర్లు మించకూడదు. అంతలో మనిషి, చక్రాల కుర్చీ పడతాయి, కారు పట్టదు. మన దగ్గర అన్నిటికంటే తేలికైన అడ్డం ఇసుక నింపిన ట్రాక్టరు ట్రక్కు. అడ్డంగా నిలిపి, డ్రైవరు తాళంతో పక్కనే ఉండాలి, అంబులెన్సు వస్తే జరపాలి కదా. ప్రభ వచ్చే దారిలో మాత్రం స్థిరమైన అడ్డం పెట్టకండి. భుజాల మీద అంత ఎత్తు ప్రభ మోసుకొచ్చేవాళ్ళు కింద చూసుకోలేరు.

వదిలేసిన సంచి. తీర్థంలో సంచులు పోవడం మామూలే. ప్రతి సంచికీ జనాన్ని పరిగెత్తిస్తే ఆ గందరగోళమే ప్రమాదం. బ్రిటన్ రైల్వే పోలీసులు మూడు ప్రశ్నల పద్ధతి వాడతారు, ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది. కావాలని కనపడకుండా దాచారా? చూడగానే తేడాగా ఉందా, అంటే తీగలు, బ్యాటరీలు, టేపు చుట్టిన డబ్బా, కారుతున్న ద్రవం లాంటివి? ఆ చోట ఉండాల్సిన వస్తువేనా? రంగులరాట్నం పక్కన జీళ్ళ పొట్లం, పిల్లల చొక్కా ఉన్న బట్టల సంచి ఎవరో మర్చిపోయిందే, మైకులో చెప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ వెనక్కి నెట్టి, పైన కొబ్బరాకు కప్పిన టిఫిన్ క్యారియర్ వేరే సంగతి. దాన్ని ముట్టుకోవద్దు, జరపవద్దు, నీళ్ళు పోయవద్దు, ఇసుక బస్తాలు వేయవద్దు.

దూరాలు గుర్తుపెట్టుకోవడానికి కొబ్బరితోట చాలు. మన తోటల్లో చెట్టుకీ చెట్టుకీ ఎడం 25 అడుగులు, అంటే ఏడున్నర మీటర్లు. చేతిసంచి, భుజం సంచి అయితే కనీసం 100 మీటర్లు, పద్నాలుగు చెట్ల వరస. సూట్‌కేసు, కారు అయితే 200 మీటర్లు, ఇరవై ఏడు చెట్లు. వ్యాను, లారీ అయితే 400 మీటర్లు. ఫోను, వాకీటాకీ వాడాలంటే కనీసం 15 మీటర్లు, రెండు చెట్ల ఎడం, వెనక్కి వచ్చాకే. వస్తువు కనపడని చోట, పక్కా గోడ వెనక ఉండాలి, అద్దాల కిటికీ వెనక కాదు.

వంద మీటర్ల దూరం అంటే చుట్టుకొలత 628 మీటర్లు. తాడు చుట్టబోతే వల్లకాదు. చుట్టకండి, దారులు మూయండి. ఆ చోటికి వచ్చే బాటలు ఎన్నో ముందే గీసుకుని, ఒక్కో బాటకి ఇద్దరు మనుషులు, ఒక టార్చి, ఒక తాడు. బాంబు నిర్వీర్య బృందం జిల్లా కేంద్రం నుంచి, పండగ రద్దీలో రావాలి. గంటో రెండు గంటలో అదే గీత మీద నిలబడాల్సి వస్తుందని ముందే అనుకోండి, వాళ్ళని మార్చడానికి రెండో జట్టు ఉంచుకోండి. ఫోన్ 112కి, దాంతోపాటు స్టేషన్‌కి. చెప్పాల్సినవి: ఏ వస్తువు, సరిగ్గా ఎక్కడ, ఎప్పుడు చూశారు, ఎవరు చూశారు, ఎందుకు అనుమానం, ఏ దారిన వస్తే మంచిది. చూసిన మనిషిని ఇంటికి పంపేయకండి, పోలీసులు మొదట అడిగేది అతన్నే.

ఖాళీ చేయించిన జనాన్ని ఎక్కడికి పంపుతారో ఆ చోటు ముందే వెతికి ఉండాలి. 2007 ఆగస్టు 25న హైదరాబాద్‌లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ళ రోజే దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని ఇంకో బాంబు దొరికింది. 2013లోనూ కొద్ది నిమిషాల తేడాతో రెండు పేలాయి. మొదటిది చూడటానికి మూగే జనమే రెండోదానికి బలి. వీడియో తీస్తూ నిలబడే కుర్రాళ్ళని వెనక్కి పంపడం వలంటీర్ల మొదటి పని.

మైకు. అందులో ‘బాంబు’ అన్న మాట రాకూడదు. వలంటీర్లకి మాత్రమే అర్థమయ్యే ఒక వాక్యం పెట్టుకోండి, ఉదాహరణకి ‘కార్యదర్శిగారు మూడో గేటు దగ్గరికి రావాలి’. జనానికి చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసి మైకు మనిషి జేబులో ఉండాలి: ‘వేదిక ముందున్నవాళ్ళంతా ఎడమవైపు కాలువ వంతెన మీదుగా నెమ్మదిగా నడవండి. పిల్లల్ని ఎత్తుకోండి. చెప్పులు, సామాను కోసం వెనక్కి రాకండి.’ ఏ దిక్కుకి పోవాలో చెప్పని ప్రకటన అన్నిటికంటే ప్రమాదకరం. మైకుకి జనరేటరు కాకుండా విడిగా బ్యాటరీ, దానికి తోడు చేతి మెగాఫోన్లు రెండు.

బాణసంచా, సిలిండర్లు. మన తీర్థాల్లో ప్రత్యేకమైన చిక్కు ఇది. ఔట్లు ఎక్కడపడితే అక్కడ పేలుస్తుంటే అసలు పేలుడు శబ్దం ఎవరికీ తేడా తెలియదు. కాల్చడానికి ఒకే చోటు, ఒకే సమయం పెట్టండి. అప్పుడు వేరే చోట, వేరే వేళలో శబ్దం వస్తే వలంటీరు తల తిప్పుతాడు. సరుకు నిల్వ జనానికి దూరంగా, జనరేటరుకి దూరంగా ఉండాలి. బజ్జీల కొట్ల 19 కిలోల సిలిండర్లు కొట్టు వెనక నిలబెట్టి కట్టాలి, ఒక్కో కొట్టుకి ఒక్కటే, అదనపువి బయట ఒకచోట. బూరల (బెలూన్ల) గ్యాసు సిలిండరు వాడేవాళ్ళని మాత్రం మొహమాటం లేకుండా బయటే ఆపేయండి. తుప్పు పట్టిన సిలిండర్లలో హైడ్రోజన్ నింపి తెస్తారు, పిల్లలు గుంపుగా నిలబడేది దాని చుట్టూనే.

కెమెరాలు పెడుతున్నారంటే మంచిదే. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం, వందమందికి పైగా గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల దృశ్యాలు దాచాలి. సెకనుకి రెండు మెగాబిట్ల వేగంతో రికార్డు చేసే కెమెరా రోజుకి సుమారు 21.6 గిగాబైట్లు తింటుంది, ఎనిమిది కెమెరాలకి నెలకి 5.2 టెరాబైట్లు, కాబట్టి 6 టెరాబైట్ల డిస్కు కావాలి. ముఖం గుర్తుపట్టాలంటే గేటు దగ్గర రెండున్నర, మూడు మీటర్ల ఎత్తులో ఉండాలి. స్తంభం చివర కట్టిన కెమెరాకి తలకాయలే కనపడతాయి. రికార్డరు గడియారం సరిచూడండి. టైము తప్పుగా ఉన్న దృశ్యం దర్యాప్తులో పెద్ద తలనొప్పి. సాలెపురుగు గూడు, ఊగే కొబ్బరాకు రాత్రిపూట కెమెరా కన్ను మొత్తం తెల్లగా చేసేస్తాయి. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి కనెక్టర్లు పాడవుతాయి, టేపు చుట్టించండి.

పోలీసులు చెప్పినప్పుడు కలిపేవి ఎక్కువ ఉండవు. తెరవడానికి ముందు వేదిక కింద, జనరేటరు వెనక, కొట్ల బల్లల కింద ఇద్దరిద్దరుగా వెతకడం. చెత్త డ్రమ్ములు తీసేసి, ఇనుప రింగుకి లోపల ఏముందో కనపడే పల్చటి ప్లాస్టిక్ సంచి తగిలించడం. వలంటీర్లని రెట్టింపు చేసి, రెండు గంటలకోసారి మార్చడం. ఒకేచోట నాలుగు గంటలు నిలబడ్డ కళ్ళు ఏమీ చూడవు. డ్రోన్లు పూర్తిగా ఆపడం. ఎక్కువ సంచులు ఉన్నవాళ్ళకి బయటే సామాను గది.

ఎవరిని అనుమానించాలి అని కూడా అడిగారు. మనిషి వేషాన్ని, మాట యాసని, మతాన్ని బట్టి అనుమానించకండి, ఇది నేను గట్టిగా చెబుతాను. దుప్పట్లు అమ్మేవాడు, బొమ్మలు అమ్మేవాడు, రంగులరాట్నం తిప్పేవాడు వేరే రాష్ట్రం నుంచి రావడం ప్రతి ఏడూ ఉన్నదే. వాళ్ళని పట్టుకుని నిలదీస్తే అసలు చూడాల్సింది తప్పిపోతుంది, అమాయకుడికి దెబ్బలు తగులుతాయి. చేసే పనిని చూడండి: గేట్లని, వలంటీర్లు మారే సమయాన్ని పదేపదే ఫొటో తీయడం, బండి పెట్టి వెంటనే ఇంకో బండెక్కి పోవడం, సంచి పెట్టి వెనక్కి చూడకుండా నడవడం, జనరేటరు దగ్గర పని లేకుండా తిరగడం. కొట్ల వాళ్ళ పేర్లు, ఫోన్లు, గుర్తింపు కాగితం నకలు ముందే తీసుకుని వాళ్ళకి బ్యాడ్జీ ఇవ్వండి. పక్క కొట్టు దగ్గర కొత్త సంచి కనపడితే మొదట పోల్చుకునేది వాళ్ళే. వాళ్ళని మీ మనుషులుగా చూసుకోండి.

వాట్సాప్‌లో ‘హై అలర్ట్, ఫలానా గుడి మీద దాడి’ అని తిరిగేవాటిలో తేదీ, జారీచేసిన కార్యాలయం, ముగింపు సమయం ఉండవు. అలాంటిది పంపకుండా ఎస్సైగారికి చూపించండి. భయం పుట్టించే వదంతులు పంచడం భారతీయ న్యాయ సంహిత 353 కింద నేరం కూడా.

మీ వాళ్ళు కొందరు పంటు (మనుషుల్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి వస్తారు కాబట్టి ఒక మాట. పంటు మీద వదిలేసిన సంచి దొరికితే నది మధ్యలో జనాన్ని ఒక పక్కకి తోయకూడదు, బరువు ఒకవైపు పడితే అదే ముప్పు. ముట్టుకోకుండా, కూర్చున్నవాళ్ళని కూర్చున్నట్టే ఉంచి, దగ్గరి రేవుకి చేర్చి, బండ్లు వదిలేసి మనుషుల్నే ముందు దింపాలి. ఇక సముద్రం మీదికి పోయే మత్స్యకారులకి తీర భద్రత ఫోన్ 1093, కోస్ట్ గార్డు 1554. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. అప్పుడు లైట్లు లేకుండా కదిలే మరబోటు కనపడితే చెప్పడానికి సంకోచించవద్దు. 2008లో ముంబయికి ఉగ్రవాదులు వచ్చింది మనలాంటి వేట పడవని పట్టుకునే.

దెబ్బలు తగిలితే 108 వచ్చేలోగా రక్తం ఆపడమే ప్రాణం. భుజం మీది కండువా మడిచి గాయం మీద రెండు చేతులా నొక్కి పట్టాలి, తీసి చూడకూడదు. చేతికీ కాలికీ రక్తం చిమ్ముతుంటే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, గట్టిగా బిగించి కట్టి, కట్టిన టైము నుదుటి మీద పెన్నుతో రాయాలి. వలంటీర్లలో పదిమందికైనా దగ్గరి ఆసుపత్రి నర్సుతో గంటసేపు నేర్పించండి.

భోగినాడు సాయంత్రం వలంటీర్లందరితో ఒకసారి నడిచి చూడండి. మైకు ఆపేసి, జనరేటరు ఆపేసి, ఒక ఖాళీ సంచిని ఎవరికీ చెప్పకుండా కొట్ల వెనక పెట్టండి. ఎంతసేపటికి కనపడింది, ఎవరికి చెప్పారు, ఎన్ని బాటలు మూశారు, మెగాఫోను ఎక్కడుందో ఎవరికి తెలుసు, అన్నీ టైముతో రాసుకోండి. ఆ కాగితం తీసుకుని ఆ రాత్రే ఎస్సైగారి దగ్గరికి వెళ్ళండి.